మస్తు అన్న పాపానికి

సమర్కందు, ఉజ్బెకిస్తాన్ దేశం
మే నెల, ఆదివారం పొద్దున

ఎలీషమ్మా, వందనాలు!

బతికే ఉన్నాను. విమానం మేఘాల పైకి పోయినప్పుడు ప్రభువుకు ఇంత దగ్గరికి వచ్చాను కదా, ఇక కిందికి పంపడేమో అనుకున్నాను. పంపాడు. పంపి ఎక్కడ పెట్టాడనుకున్నావు! నీలి గుమ్మటాల నడుమ పెట్టాడు. ఆకాశం ఎక్కడ అయిపోయిందో గుమ్మటం ఎక్కడ మొదలైందో నాకైతే తెలియలేదు. మెడ ఎత్తి చూసీ చూసీ వెనక్కి పడబోతే వీపు మీది సంచి గోడకు తగిలి నన్ను నిలబెట్టింది. మన బిడ్డ రెబెక్కాకు ఒక సంచి, నాకు ఒక సంచి. మన కండ్లకోయ కాలేజీ బస్సు దిగే పిల్లల లెక్క తగిలించుకొని తిరుగుతున్నాం. ఊరు నచ్చితే ఉండుడు, కొండ నచ్చితే ఎక్కుడు, అంతే. ఇన్నేళ్ళు మేడ్చల్ మిల్లులో బియ్యం బస్తాల మధ్య తిరిగినోణ్ణి, లోకంలో ఇంత నీలం ఉందని ఎవరూ చెప్పలేదు.

ఫోన్‌లో మాట్లాడదామంటే నా చెవులను మిల్లు మోత ఎప్పుడో మింగేసింది. నువ్వు ఒకటంటే నేను ఒకటి వింటాను. అందుకే ఈ కాగితం. నేను రాసింది రెబెక్కా ఫొటో తీసి మన పక్కింటి సీతామహాలక్ష్మిగారి ఫోనుకు పంపుతుంది. నీ జవాబు ఆమె ఫొటో తీసి రెబెక్కాకు పంపుతుంది. మన మొగుడు పెళ్ళాల ముచ్చట ఇద్దరు చదివినాక మనకు అందుతుందన్నమాట. కానీయ్, మన దగ్గర దాచుకునే ముచ్చట్లు ఏమున్నాయి!

అసలు సంగతి విను. ఇక్కడివాళ్ళకు మన మాటలు వచ్చు! నేను దుకాణం అంటే వాళ్ళు దుకాన్ అంటారు. దర్వాజ అంటే దర్వాజనే. తయార్ అంటే తయారే. బేకార్ అంటే కూడా అదే! నేను బజారంతా తిరిగి ఒక్కో మాట అని చూశాను, ప్రతి దానికీ తల ఊపారు. ఒక్క సబ్జి దగ్గర దెబ్బ తిన్నాను. కూరగాయలకని సబ్జి కావాలంటే ఒకామె సంచి నిండా గాజర్ గడ్డలు పోసింది. ఇక్కడ సబ్జి అంటే గాజరేనట. "నాయినా, నువ్వు గీడ పుట్టాల్సినోడివి, దారి తప్పి షామీర్‌పేటల పుట్టినవ్" అని రెబెక్కా నవ్వింది.

నవ్వింది ఎలీషమ్మా. పోయిన క్రిస్మస్ తర్వాత అది అంత గట్టిగా నవ్వడం ఇదే మొదలు. ఆ క్రిస్మస్ నాడు చర్చిలో నువ్వు పాట ఎత్తుకున్నప్పుడు, కీబోర్డు కాడ కూర్చున్న ఈ పిల్ల మైకు బంద్ అయి ఉందనుకొని "అమ్మా, శృతి తప్పినవ్" అన్నది, అందరూ నవ్విరి. ఆనాటి నుంచి నువ్వు దానితో మాట్లాడవు, పాట పాడవు. యెరూషలేం యాత్రకని చేయించిన పాస్‌పోర్టులు మన ఇద్దరికీ ఉండె, ఇద్దరినీ రమ్మని అది బతిలాడె. నువ్వు రాకపోతివి. సరే, ఇప్పుడు ఆ పాత ముచ్చట ఎందుకు, సంతోషంలో కలం ఆగడం లేదు.

ఒక్కటి అడుగుతాను. నా సంచి అడుగున లుంగీలో చుట్టి సకినాల డబ్బా పెట్టినావు. నా నోట్లో ఉన్నవి కట్టుడు పళ్ళు, సకినం కొరికి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. మరి ఎవరి కోసం పెట్టినట్టు?

నీ
జక్కయ్య


తూంకుంట
బుధవారం

ఇంటాయనకు వందనాలు.

గుమ్మటాలు చూసి చూసి మెడ పట్టేస్తే ఇక్కడ తైలం రుద్దేవాళ్ళు ఎవరూ లేరు. కట్టుడు పళ్ళు రాత్రి గ్లాసులో వేస్తున్నావా? ఏ హోటల్‌లోనో మరిచి రాకు, ఉజ్బెకోళ్ళు వాటిని చూసి మన దేశం గురించి ఏమనుకుంటారు?

సకినాలు ఎవరి కోసమూ పెట్టలేదు. డబ్బా ఖాళీ కావాలె, అందుకు పెట్టాను.

మన పాత ముచ్చట్లు ఫొటోలో పంపి పక్కింటోళ్ళకు చదివించినందుకు సంతోషం. సీతామహాలక్ష్మిగారు చదివి, "ఏవండీ ఎలీషమ్మగారూ, ఆదివారం పొద్దున్నే మీ గొంతు మా కిటికీలోంచి వినపడేదండీ, ఈమధ్య వినపడట్లేదేంటా అనుకున్నాను, ఇదా సంగతి!" అన్నది. రాజమండ్రి మనిషి, గుడికి పోతుంది, అయినా చర్చి పాట మీద ఆమెకే అక్కర ఎక్కువ. నేను గొంతు బాగలేదని చెప్పాను.

మీరు కొండలకు పోతారని విన్నాను. అక్కడ చలి గాలి ఉంటదట. చలి గాలి తగిలితే కొందరికి చిన్నప్పటి నుంచే గొంతు పూడుకుపోతుంది, చెవులకు గుడ్డ కట్టుకోరు, చెప్తే వినరు. చెవులకు గుడ్డ కట్టుకోమని నీకే చెప్తున్నాను. ఇంకెవరికీ కాదు.

ఎలీషమ్మ


బాయ్‌సున్, కొండల ఊరు
శుక్రవారం

ఎలీషమ్మా, నన్ను తాగుబోతన్నారు!

వందనాలు ముందు చెప్పాలి, మరిచాను. వందనాలు. ఇప్పుడు విను.

సమర్కందు నుంచి నలుగురు కలిసి ఎక్కే టాక్సీలో కొండలు ఎక్కుకుంటూ దిగుకుంటూ ఇక్కడికి వచ్చాం. ఎర్రటి కొండలు, వాటి ఒడిలో పచ్చటి తోటలు, తోటల్లో మట్టి ఇళ్ళు. నీ మాట ప్రకారం చెవులకు గుడ్డ కట్టుకున్నాను. "నీకే" అని రాసినావు కదా, రెబెక్కా కూడా కట్టుకుంది. ఎందుకే అంటే, "నాకు ఎవలు జెప్పలే, నా అంతట నేనే కట్టుకున్న" అన్నది. నీ పోలిక ఎక్కడికి పోతది!

ఒక ఇంట్లో దిగాం. ఆ ఇంటి పెద్దామె పేరు ఓయ్‌షా. అందరూ మోమో అంటారు. మన పిల్లలు బండి కాడ కొనుక్కొని తినే మోమో కాదు, ఇక్కడ మోమో అంటే అవ్వ. పండు ముసలిది, నోట్లో పళ్ళు నా కన్నా తక్కువ, హుకుం మాత్రం కలెక్టరుది. కింద దస్తర్‌ఖాన్ పరిచి రొట్టెలు, తుత్తు పళ్ళు, అవే మల్బరీలు, కొత్తగా వచ్చిన చెర్రీలు పెట్టారు. ఆ ఇంటి అల్లుడు నాకు చాయ్ పోశాడు. పిడి లేని గిన్నెలో, అడుగున ఇంత! మన దగ్గర అంత తక్కువ పోస్తే మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కుతామా? నేను గిన్నె చాచి, నింపు బిడ్డా, నింపు అని సైగ చేశాను. అతను ముఖం చిన్నబుచ్చుకొని నిండా పోశాడు. పోసి, లేచి, నా సంచి తెచ్చి నా పక్కన పెట్టాడు.

రెబెక్కా తల పట్టుకుంది. "నాయినా, గీళ్ళ దగ్గర జరన్ని జరన్ని పోస్తేనే మర్యాద. మాటిమాటికి పోయాలె గదా, గప్పటిదాక మనతోని కూసుంటరు. నిండుగ పోసిండ్రంటే ఇగ లేవుండ్రి అని. నువ్వేమో అడిగి మరీ పోతానంటున్నవ్!"

నాకు సిగ్గయింది. ఎట్లాగైనా వాళ్ళను ఖుషీ చేయాలని చాయ్ గుటకేసి, గుండె మీద చెయ్యి పెట్టి, "మస్తుంది అవ్వా! చాయ్ మస్తు! మస్తు!" అన్నాను.

మోమో నా వైపు వంగి, "మస్త్?" అన్నది. అవును, మస్త్ అని తల ఊపాను. ఆమె నా గిన్నె లాక్కొని వాసన చూసింది! ఆ తర్వాత నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది! ఇక్కడ మస్త్ అంటే తాగి ఉన్నవాడట ఎలీషమ్మా. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి కల్లు చుక్క ఎరగని జక్కయ్య, పట్టపగలు చాయ్ గిన్నె పట్టుకొని, నేను తాగినోణ్ణి నేను తాగినోణ్ణి అని గుండె మీద కొట్టుకొని చెప్పుకున్నాడు!

మోమో కేక వేస్తే కోడలు పుల్లటి పెరుగు తెచ్చింది, మత్తు దిగడానికి. తాగాను. ఆ పెరుగు ఎంత బాగుందో! నోరు ఊరుకోదు కదా, "ఇది గూడ మస్తు" అన్నాను. ఇంకో గిన్నె పెరుగు తెచ్చారు. దానికీ అన్నాను. ఇంకోటి. రెబెక్కాను చూసి, చెప్పవే బిడ్డా అంటే, అది పరుపు మీద పొర్లి పొర్లి నవ్వుతుంది. కళ్ళ నీళ్ళు తుడుచుకొని, చివరికి ఫోన్‌లో రాసి చూపించింది, మా దేశంలో మస్తు అంటే చాలా, మంచిది అని. అప్పుడు చూడాలి వాళ్ళ నవ్వు. అల్లుడైతే నా వీపు మీద చరిచి, నిండు గిన్నె పారబోసి, మళ్ళీ అడుగున ఇంత పోశాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఏది బాగున్నా మస్తే. రొట్టె మస్తు, ఎండ మస్తు, జక్కయ్య మస్తు.

నా పొట్టంతా పెరుగే. సకినాలు సగం అయిపోయినాయి. ఎవరు తిన్నారని అడగకు.

నీ
మస్తు జక్కయ్య


తూంకుంట
మంగళవారం

ఇంటాయనకు వందనాలు.

తాగలేదు తాగలేదు అని అంత పొడుగు ఉత్తరం రాసేది తాగినోడే. అయినా ఆ అవ్వ గిన్నె వాసన చూసింది, నోరు వాసన చూసింది అన్నావు కాబట్టి నమ్ముతున్నాను. నిన్ను నమ్మి కాదు, ఆమె ముక్కును నమ్మి. నేనున్నా అదే పని చేసేదాన్ని. ఆమెకు నా వందనాలు చెప్పు.

సీతామహాలక్ష్మిగారు చదివి నవ్వలేక మా మెట్ల మీద కూర్చున్నది. నేను నవ్వలేదు. కొంచెం నవ్వాను.

ఇక్కడ ఒక సంగతి అయింది. పాస్టరు అయ్యగారి భార్య మళ్ళీ వచ్చింది. చర్చి వార్షికోత్సవం దగ్గరికొచ్చింది, ఆడవాళ్ళ పాట నువ్వే ఎత్తుకోవాలె, నువ్వు లేకపోతే పాట మొదలే కాదు అన్నది. గొంతు బాగలేదన్నాను. "ఎన్ని దినాలమ్మా ఈ గొంతు నొప్పి?" అన్నది. ఆదివారంలోగా చెప్పమని, లేకపోతే ఇంకెవరికైనా నేర్పాలని పోయింది. ఇన్నేళ్ళ నుంచి నేను ఎత్తుకున్న పాట. ఇంకెవరో ఎత్తుకుంటారు.

ఒక మాట రాస్తున్నాను. ఫొటో తీసేవాళ్ళు చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఆ దినం శృతి తప్పింది నిజమే. ఆ దినమే కాదు, అంతకుముందు నుంచే తప్పుతుంది. పైకి ఎత్తే కాడ గొంతు జారిపోతుంది. ఎవరికీ తెలియలేదనుకున్నాను. తెలిసింది ఒక్క మనిషికి, నా కడుపున పుట్టిన దానికి. అందరి ముందు అన్నదని కాదు నా కోపం. సారీ చెప్పింది, కాళ్ళు పట్టుకుంది, అది తప్పు మాట్లాడితే ఎప్పుడో మాఫ్ చేసేదాన్ని. అది నిజం మాట్లాడింది. నిజం మీద వచ్చిన కోపం ఎట్లా దిగుతుందో నాకు తెలియడం లేదు.

పాడలేని మనిషి పాట ఎత్తుకోవద్దు. అంతే.

పెరుగు ఎక్కువ తినకు, నీకు పడిశం పడుతుంది.

ఎలీషమ్మ


బాయ్‌సున్ పైన ఉన్న పల్లె
శనివారం

ఎలీషమ్మా, వందనాలు.

నీ ఉత్తరం వస్తే రెబెక్కా ఎప్పుడూ నా చెవి దగ్గర గట్టిగా చదివి వినిపిస్తుంది. ఈసారి చదవలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి తోటలోకి పోయింది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివి బయటికి వచ్చేసరికి, వాల్‌నట్ చెట్టు కింద నిలబడి ఉంది. బిడ్డ నవ్వు చూసి ఇన్ని దినాలు ఎగిరిన గుండె ఒక్కసారి కింద కూర్చుంది.

కానీ ఆ పొద్దు కూర్చోనిచ్చే పొద్దు కాదు! మోమో మనవరాలికి కొడుకు పుట్టాడని పైన ఈ పల్లెలో తొట్టెల పండుగ. మన తొట్టెల లెక్కనే. చెక్కతో చేసిన రంగుల ఊయల, చుట్టూ గంపల కొద్దీ రొట్టెలు, మిఠాయిలు. నన్నూ రెబెక్కానూ ట్రాక్టరులో ఎక్కించుకొని తెచ్చారు. దారంతా గుంతలే, నా కట్టుడు పళ్ళు టకటక కొట్టుకుంటే అది వాళ్ళ డప్పు అనుకున్నాను.

ఊయల దగ్గర ఆడవాళ్ళు కూర్చున్నారు. మోమోను పాడమన్నారు. నాకేం వినబడుతుంది? కానీ చూడటం వచ్చు కదా. మోమో కళ్ళు మూసుకొని ఎత్తుకుంది. మెడ నరాలు లేచాయి. కొంచెం సేపటికి ఆమె నోరు తెరిచే ఉంది, కానీ ముఖం ఆగిపోయింది. గొంతు అందలేదని నాకు కూడా తెలిసింది. అయ్యో అనుకునే లోపల పక్కనున్న ఆడవాళ్ళందరి నోళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆ పై ముక్క వాళ్ళు అందుకున్నారు, అది అయిపోగానే నోళ్ళు మూసుకున్నారు, మళ్ళీ కింది పాట మోమోది. ప్రతిసారి అంతే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆమెను ఆపలేదు. పాట మోమోదే.

రెబెక్కా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా చెవిలో నోరు పెట్టి, "నాయినా, నేను చెప్పుడు కాదు నాయినా. అందుకోవాల్సి ఉండె. అమ్మకు నేను అందుకోవాల్సి ఉండె" అన్నది. ఎలీషమ్మా, నా ఈ చెవులు ఎంత బేకార్ అయినా ఆ మాట మాత్రం తేటగా విన్నాయి.

తర్వాత మా వంతు. ఇండియా పాట పాడాలని పట్టుబట్టారు. రెబెక్కా లేచి నీ నాట్ల పాట ఎత్తుకుంది. చర్చి పాటలు నేర్వక ముందు, మీ అమ్మతో మడిలో వంగి నువ్వు పాడేదానివి చూడు, "నారు వట్టిన చేతికి నీళ్ళ గాజులు", అది. దాని పెదవులు చూసే నాకు తెలిసిపోయింది. మోమో చేతులు ఆడించింది, ఆడవాళ్ళు పళ్ళెం వాయించారు. ఒక చరణం అయింది. రెబెక్కా ఆగిపోయింది. రెండోది రాదు దానికి. నాకా, పాట విని ఎన్నేళ్ళయింది? మోమో వదలడం లేదు. పాట సగంలో ఆపితే ఊయలలో పిల్లగాడికి నిద్ర సగమే పడుతుందట. మేము ఇక్కడి నుంచి పోయే లోపల మొత్తం పాడి తీరాలట. హుకుం!

ఇంకా రాద్దామంటే రెబెక్కా కలం లాక్కుంటుంది.

*అమ్మా, రెండో చరణం ఎట్లుంటది?*
*నీ రెబెక్కా*


తూంకుంట
శనివారమే

రెబెక్కా నాయినకు వందనాలు.

ఆ పాట కాగితం మీద పెడితే ఒడ్డున పడ్డ చేప లెక్క ఉంటది. రాయను.

రేపు చర్చి అయినాక నేను సీతామహాలక్ష్మిగారి ఇంట్లో కూర్చుంటాను. ఫోన్ చేయమను. పాడతాను. శృతి తప్పితే చెప్పమను, అక్కడ మైకు లేదు కదా.

అయ్యగారి భార్యకు ఇంకా ఏమీ చెప్పలేదు. ముందు ఆ పిల్లగాడు నిద్రపోతాడో లేదో చూద్దాం.

ఎలీషమ్మ


కొండ మీది పల్లె
ఆదివారం సాయంత్రం

ఎలీషమ్మా! ఎలీషమ్మా! వందనాలు, కోటి వందనాలు!

నువ్వు ఉత్తరం మొదట్లో ఏం రాసినావో చూసుకున్నావా? "రెబెక్కా నాయినకు" అని రాసినావు! ఇన్ని దినాలు నేను ఇంటాయనను. మళ్ళీ రెబెక్కా నాయిననైనాను. ఆ ఒక్క ముక్క చదివి నేను ఎగిరిన ఎగురుకు ఇంటి కోళ్ళు బెదిరి గోడెక్కాయి.

ఈ పల్లెలో ఫోన్ సిగ్నల్ ఇంటి కప్పు మీద తప్ప రాదు. అందుకని నిచ్చెన వేసి అందరమూ కప్పు ఎక్కాం. మట్టి కప్పు, మీద గడ్డి మొలిచి పూలు పూసి ఉంది. నేను, రెబెక్కా, అల్లుడు, కోడళ్ళు, ఊయలతో సహా పిల్లగాడు. మోమోను కుర్చీతో పాటు ఎత్తి పైకి చేర్చారు. రెబెక్కా ఫోన్ చేసింది. సీతామహాలక్ష్మిగారు ముందు, "వినపడుతోందా అండీ? ఇదిగో ఇస్తున్నా, ఆవిడ మంచినీళ్ళు తాగుతున్నారు" అన్నదట. ఆ తర్వాత నువ్వు.

మీరిద్దరూ ముందు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వినబడదు. అడగను కూడా. నేను రెబెక్కా ముఖం చూస్తూ కూర్చున్నాను. అది ఏడ్చింది, తిట్లు తిన్న ముఖం పెట్టింది, "కట్టుకున్ననే అమ్మా, చెవులకు గుడ్డ కట్టుకున్న" అన్నది, నవ్వింది. ఆ తర్వాత ఫోన్ అందరికీ వినబడేటట్టు పెట్టి, ఊయల మీద పెట్టింది.

మోమో తల ఊగడం మొదలైంది. నువ్వు పాడుతున్నావని నాకు అట్లా తెలిసింది. ఆడవాళ్ళ తలలు ఊగాయి. నేను ఫోన్ మీద అరచెయ్యి పెట్టాను. నీ పాట నా చేతిలో సన్నగా వణికింది, గువ్వపిట్టను పట్టుకున్నట్టు. ఆ వణుకు పెరిగింది, పెరిగింది, ఒక్కసారి సన్నబడింది. అది నువ్వు చెప్పిన కాడనే అనుకుంటాను, పైకి ఎత్తే కాడ.

తల ఎత్తి చూస్తే మన బిడ్డ నోరు తెరిచి ఉంది. కళ్ళు మూసుకొని, మెడ ఎత్తి, ఆ కొండలన్నీ వినేటట్టు అందుకుంది. దాని వెనక మోమో. మోమో వెనక ఆడవాళ్ళందరూ, మాట తెలియకపోయినా ఆ ముక్క మాత్రం పట్టుకున్నారు. మళ్ళీ నా అరచేతిలో నువ్వు వచ్చినావు. అందరూ నోళ్ళు మూసుకున్నారు. పాట నీదే.

పిల్లగాడు నిద్రపోయాడు ఎలీషమ్మా. మొత్తం నిద్ర. అయ్యగారి భార్యకు చెప్పు, పాట నువ్వే ఎత్తుకుంటావని. వార్షికోత్సవం నాటికి మేము వచ్చేస్తాం, కీబోర్డు కాడ అందుకునే మనిషి ఉంటది.

నేనేం చేశానో అదీ రాస్తాను, ఎట్లాగూ ఎవరో ఒకరు ఫొటో పెడతారు. లేచి నిలబడ్డాను. ఆ పూల కప్పు మీద రెండు చేతులు ఎత్తి ఎగిరాను. సంచి ఎక్కడో, టోపీ ఎక్కడో, పళ్ళు ఊడి గడ్డిలో పడితే అల్లుడు వెతికిపెట్టాడు. బోసి నోటితో నవ్వుతూ, కళ్ళ నీళ్ళు కారుతూ, ఇటు అటు తూలుతుంటే మోమో నా వైపు చూపించి రెబెక్కాను అడిగింది, "మస్త్?" అని.

మన బిడ్డ ఈసారి కాదని చెప్పలేదు.

నీ
రెబెక్కా నాయిన